చెరో టైరు

మా ఆయన పోయాక ఆయన షెడ్డును కొడుకులిద్దరూ పంచుకున్నారు. ముందు సగం ఒకడికి, వెనక సగం ఒకడికి అని ఆవును పంచుకున్నట్టే ఉంది ఆ పంపకం. కారు కింద దూరి స్ప్రింగులూ షాకబ్జర్లూ మార్చే గుంట పెద్దాడికి వచ్చింది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేసే అలైన్‌మెంట్ మిషను చిన్నాడికి వచ్చింది. మధ్యలో ఇటుక గోడ లేచింది. ఆ గోడ చివరి గది నాకు మిగిలింది. దానికి రెండు తలుపులు, ఒకటి పెద్దాడి షెడ్డులోకి, ఒకటి చిన్నాడి షెడ్డులోకి. అందుకని ఇద్దరి తిట్లూ ముందు నాకే వినపడతాయి.

ముందు చక్రాల స్ప్రింగులూ షాకబ్జర్లూ మార్చాక అలైన్‌మెంట్ చూడకుండా బండిని బయటికి పంపకూడదు. నేనేమీ చదువుకున్న దాన్ని కాను, కాపురమంతా విన్న మాట ఇది. "కొత్త కాళ్ళు పెట్టాక పాదాలు ఎటు తిరిగాయో చూడొద్దుటే?" అనేవాడు మా ఆయన. ఆయనున్నప్పుడు బండి గుంట మీంచి దిగి నేరుగా మిషను ఎక్కేది. గోడ లేచాక పెద్దాడు తన బళ్ళను ఊరి చివరి షాపుకైనా పంపేవాడు గానీ గోడవతలికి పంపేవాడు కాదు.

నా కూతురి కూతురిని మేం గువ్వ అని పిలుస్తాం. తల్లి లేని పిల్ల, నా గదిలోనే పెరిగింది. పాత కారొకటి కొనుక్కుని బాడుగకు తిప్పుకునేది. కిడ్నీల ఆస్పత్రి వాళ్ళు రోగులను ఇళ్ళ నుంచి తీసుకొచ్చి దింపడానికి ఒక కారు కావాలన్నారు. ఆ పని దొరికితే ఇక రోజూ బేరాల కోసం రోడ్డు మీద కాచుకోనక్కర్లేదు. కానీ దాని కారు గతుకు గతుక్కీ దబ్బుమనేది.

"సూదులు గుచ్చించుకుని నీరసంగా వచ్చేవాళ్ళమ్మమ్మా. ఈ బండెక్కిస్తే మళ్ళీ ఆస్పత్రికే తీసుకెళ్ళాలి," అంది.

పెద్దాడు మేనకోడలి పని మనసుపెట్టే చేశాడు. మేలురకం స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు తెప్పించి బిగించాడు. గువ్వ నన్ను ఎక్కించుకుని వీధి చివరిదాకా తిప్పింది. ఉయ్యాల్లో కూర్చున్నట్టుంది. ఒక్కటే లోపం. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగును పక్కకి తిప్పి పట్టుకోవలసి వచ్చింది.

"పెద్దమామా, స్టీరింగు వంకరగా ఉంది. చిన్నమామ మిషను మీద ఒక్కసారి..."

"వాడి గడప తొక్కితే మళ్ళీ నా గడపకి రాకు."

"బండికి గడపలేంటి మామా?"

"నోరెక్కువైంది నీకు. తాళాలిలా ఇచ్చి లోపల కూర్చో. నేను చూస్తాగా."

చూశాడు. స్టీరింగును ఊడబీకి, తిన్నగా కనపడేట్టు తిప్పి మళ్ళీ బిగించాడు. చక్రాల జోలికే పోలేదు. "అలైన్‌మెంట్ కూడా అయిపోయింది, తీసుకుపో," అన్నాడు.

నా గుమ్మంలోంచి అంతా చూశాను. చిన్నాడి దగ్గరికెళ్ళి చెప్పాను. వాడు వీధిలోకి వచ్చి దూరం నుంచే ముందు చక్రాలకేసి వంగి చూశాడు.

"పైభాగం లోపలికి ఒరిగిందే అమ్మా. టైరు లోపలి అంచు అరిగిపోతుంది. బయటికి కనపడదు."

"మరి సరిచెయ్యరా."

"వాణ్ణొచ్చి అడగమను."

"బండి దానిది కదరా."

"బిగించింది వాడు. అరగనీ. అప్పుడు తెలుస్తుంది వాడి పనితనం."

నేను చూసిందీ, చిన్నాడన్నదీ గువ్వకి చెప్పాను. అది నవ్వింది. "వాళ్ళు ఒకరిమీద ఒకరు చెప్పుకోంది ఎప్పుడమ్మమ్మా? పెద్దమామ నాతో అబద్ధమాడతాడా? స్టీరింగు తిన్నగానే ఉందిగా." వాళ్ళ తగువులు వినీ వినీ నిజం కూడా చాడీలాగే వినిపించింది దానికి.

ఆస్పత్రి వాళ్ళు బండి తనిఖీకి పిలిచేదాకా నెలల తరబడి అలాగే బాడుగలకు తిరిగింది. తనిఖీ రోజున తిరిగొచ్చి నా మంచం మీద కూలబడింది.

"బయటినుంచి కొత్త టైర్లలాగే ఉన్నాయమ్మమ్మా. తనిఖీ చేసేవాడు స్టీరింగు ఓ పక్కకి పూర్తిగా తిప్పమని లోపల చెయ్యి పెట్టి చూశాడు. రబ్బరు అరిగిపోయి రెండిటికీ లోపలి ఇనప తీగలు బయటికొచ్చేశాయి. 'రోగుల్ని ఇందులోనా ఎక్కించేది?' అన్నాడు. నా వెనకాల నిలబడ్డ కారుకి పని ఇచ్చేశారు."

మర్నాడు ఊరి చివరి షాపులో టైర్లు మార్పించుకుని, అలైన్‌మెంట్ కూడా అక్కడే చేయించుకుంది. పాత టైర్లు రెండూ తెచ్చి, ఒకటి పెద్దాడి ముందు, ఒకటి చిన్నాడి ముందు పడేసింది.

"చెరొకటి మామా. పంచుకోవడం మీకు అలవాటేగా."

పెద్దాడు దాన్ని పాత సామాను వెనక దాచాడు. చిన్నాడు మాత్రం తన వాటా షెడ్డు ముందు వేలాడదీసి, "పక్క షెడ్డు పనితనం" అని సుద్దతో రాశాడు. ఇన్నేళ్ళకి అన్నదమ్ములు నోరు విప్పి మాట్లాడుకున్నారంటే, ఆ టైరు తియ్యమనీ తియ్యననీ.

గువ్వ వేరే గది తీసుకుంది. నా దగ్గరికి రావాలంటే ఎవడో ఒకడి షెడ్డు దాటాలి. దాటనంది. దాని కారు మా వీధిలోంచి పోతుంటే కిటికీలోంచి చూస్తాను. ఇప్పుడది ఏ పక్కకీ లాగకుండా తిన్నగా వెళ్ళిపోతుంది.

వీధివైపు గోడకి నాకో తలుపు పెట్టించండిరా అని ఇద్దర్నీ అడిగాను. ఆ గోడ ఎవరి వాటాలోకి వస్తుందో ఇంకా తేల్చుకుంటున్నారు.