వెర్నా పిలుపుల గీతలు

మా డాక్టర్ హాల్వర్సన్‌కి ప్రతిదానికీ ఓ పద్ధతి ఉండేది. ఇల్లినాయ్‌లోని ఆ పిచ్చాసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో, అప్పటికి పదకొండేళ్లుగా నేను ఆయాని. కడిగేదీ, తల దువ్వేదీ, తినిపించేదీ మేము. పద్ధతులు పెట్టేది ఆయన.

వెర్నా అని ఓ ముసలావిడ, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రోజుకి వందసార్లు "ఒడెస్సా!" అని నన్ను పిలిచేది. ఊరికే. తిరిగి చూస్తే నవ్వేది, అంతే.

"మీరు పలుకుతున్నారు కాబట్టే పిలుస్తోంది," అన్నాడు డాక్టర్. "ఇక ఎవరూ తల తిప్పొద్దు. పిలిచినప్పుడల్లా ఈ కాగితం మీద ఓ గీత గీయండి. పలికేవాళ్లు లేకపోతే అలవాటు దానంతటదే పోతుంది. మధ్యలో ఒక్కసారి పలికారో, ఇక జన్మలో పోదు."

"మనిషి పిలిస్తే పలక్కపోవడం ఏం చదువయ్యా బాబూ?" అన్నాను. నా నోరు ఊరుకోదు. ఉద్యోగం పోతుందన్నాడు. ఊరుకుంది.

మొదటి వారం గీతలు రెట్టింపయ్యాయి. "పోయేముందు అలవాటు ఒకసారి పెట్రేగుతుంది, అంతే," అన్నాడు. నిజమే, తర్వాత నలభై, పదహారు, మూడు. ఓ గురువారం మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతుంటే వెనకనించి ఒక్కసారి, మెల్లగా, "ఒడెస్సా". గీత గీశాను. తిరగలేదు. మడతలయ్యాక చూస్తే కుర్చీలోనే పోయింది. చెయ్యి గుండెమీద ఉంది. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

గోడకి అంటించిన ఆ గీతల కాగితం ఎవరూ తీయలేదు. సోమవారం కొత్తగా చేరిన ప్యాటీ వచ్చి, "మిస్ ఒడెస్సా, కిటికీ దగ్గర ఎవరో పొద్దున్నించీ మిమ్మల్ని పిలుస్తుంటే పలకరేంటి? అందరికీ చెవుడా?" అంది.

కాగితం చూశాను. సోమవారం గడిలో తొమ్మిది గీతలు. మూడు నా ఎర్ర పెన్సిల్‌వే. ఎప్పుడు గీశానో నాకే తెలీదు. మిగతావి తోటి ఆయాలవి. ఓరి దేవుడా! అందరం వింటున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోవట్లేదు.

అప్పుడే వీపు వెనక, ఖాళీ కుర్చీలోంచి, "ఒడెస్సా". ప్యాటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పలికితే ఇక జన్మలో పోదన్న డాక్టర్ మాట గుర్తొచ్చింది.

పోకపోతే మానె అనుకున్నాను. తిరిగి, "ఏంటమ్మా వెర్నా, ఇక్కడే ఉన్నా," అన్నాను.

ఆరేళ్లయింది. ఆ ఉద్యోగం మానేశాను. వంటింట్లో ఉన్నా, చర్చిలో ఉన్నా పిలుస్తూనే ఉంది. ప్రతిసారీ తిరుగుతాను, ప్రతిసారీ పలుకుతాను. ఎన్నిసార్లు పలికినా ఆ గురువారం పలికినట్టు కావట్లేదు.