లోపలి కుర్చీ

ద్రాక్షాకు పరిచి, చిటికెడు మసాలా బియ్యం పెట్టి, వేలంత లావున చుట్టాలి. శుక్రవారం అత్తగారు భోజనానికొస్తే నూటయాభైకి తగ్గకూడదు. ఇజ్లాల్ సగం దాటిందో లేదో, ముందుగదిలో వయొలిన్ ఆగింది.

"పెన్సిలేదీ?" అన్నాడు ఆమె మొగుడు షౌకత్.

"స్టాండు మీదే ఉంది."

"ఉంటే నిన్నెందుకు అడుగుతాను?"

చేతులు కడుక్కుని వెళ్ళింది. పెన్సిలు స్టాండు మీదే ఉంది. తీసి అతని చేతికిచ్చి వచ్చింది.

వాద్యబృందంలో స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు ఇద్దరికి ఒకటే. సభవైపు కూర్చున్నవాడు ఆపకుండా వాయిస్తాడు. లోపలి కుర్చీలో ఉన్న మనిషి పుట చివర కమాను దించి, కాగితం తిప్పి, మళ్ళీ అందుకోవాలి. పద్దెనిమిదేళ్ళుగా మొదటి స్టాండు దగ్గర సభవైపు షౌకత్, లోపల ఇజ్లాల్. ఇద్దరూ ఒకే ఏడు పరీక్ష నెగ్గి చేరారు. ఆమెకే మార్కులు ఎక్కువ, సభవైపు కుర్చీ ఆమెకే రావాలి. "మొగుణ్ణి లోపల కూర్చోబెడితే జనం నవ్వుతారు" అంది అత్తగారు. అలెగ్జాండ్రియా జనానికి ఏ కుర్చీ ఏమిటో తెలియదు. అయినా ఆ మాటే చెల్లింది. కొత్త పెళ్ళికూతురు, మొగుడికి కాగితం తిప్పడం ముచ్చటే అనుకుంది. ముచ్చట ఏడాదిలో తీరింది. కుర్చీ మాత్రం మారలేదు.

ఇప్పుడు విశ్వవిద్యాలయం సంగీత శాఖకూ బృందానికీ ఒప్పందం కుదిరింది. విద్యార్థులు కచేరీల్లో బృందంతో కలిసి వాయిస్తారు. బృందంలోంచి ఒకరు వారానికి మూడు రోజులు వెళ్ళి వయొలిన్ నేర్పాలి. అక్కడ సొంత గది ఉంటుంది, తలుపు మీద పేరుంటుంది. ఇజ్లాల్ దరఖాస్తు పెట్టింది. ఆ ఇంట్లో ఎవరినీ అడక్కుండా ఆమె చేసిన మొదటి పని అది.

"పిల్లకాయలకు ఓనమాలు దిద్దించడమా? నీకు సరిపోతుందిలే" అన్నాడు షౌకత్. "భోజనం వేళకు ఇంట్లో ఉంటే చాలు."

మర్నాడు శాఖలో ఆమెతో ఒక పాఠం చెప్పించి చూశారు. శాఖాధ్యక్షుడు డాక్టర్ లమ్‌ఈ వెనక కూర్చున్నాడు. మొదట్లో బాగానే సాగింది. ఒకతను వయొలిన్ మెడను పిసికేస్తుంటే, "అంత గట్టిగా పట్టుకోకు నాయనా, అదేం పారిపోదు" అంది. అందరూ నవ్వారు. లమ్‌ఈ కూడా నవ్వి ఏదో రాసుకున్నాడు. తలుపు మీద తన పేరు అప్పుడే ఆమె కళ్ళకు కట్టింది.

అప్పుడు దమన్‌హూర్ అనే ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న రీహామ్ అనే పిల్ల లేచింది. "మేడమ్, ఈ పుట చివర పైకెళ్ళే చోట నాకు వేళ్ళు అందడం లేదు. మీరెలా వాయిస్తారో ఒక్కసారి చూపిస్తారా?"

బృందం ఏటేటా వాయించే సింఫనీయే. ఇజ్లాల్ వయొలిన్ ఎత్తి పుట మధ్యనుంచి అందుకుంది. చివరికి వచ్చేసరికి కమాను దానంతటదే దిగింది. చెయ్యి వెళ్ళి కాగితం అంచు పట్టుకుంది.

తమాషా చేస్తోందనుకుని పిల్లలు పకపకా నవ్వారు. రీహామ్ నవ్వలేదు. ఇజ్లాల్ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చేతిని బలవంతాన ఆపుకుంది. వేళ్ళు పైకెళ్ళి దారి తెలియక జారాయి. వయొలిన్ కీచుమంది.

"ఈ ముక్క నేనెప్పుడూ వాయించలేదు" అంది.

"ఇన్నేళ్ళలోనా?" అన్నాడు లమ్‌ఈ.

"కాగితం తిప్పానండి."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఇంటికెళ్ళే ట్రామ్‌లో ఆమె ఒళ్ళో వయొలిన్ పెట్టె మీద ఆ స్వరాలకు వేళ్ళు వెతుక్కుంది. ఇంట్లో ఆమె సాధనకు దొరికేది అరగంట, అదీ పొయ్యి మీద కూర ఉడికేలోగా. వాయించని ముక్కను సాధన చెయ్యడమెందుకని వదిలేసింది. అది తెలివైన పనే అనుకుంది. ఆ ముక్కలు పక్కన అతను వాయిస్తుంటే వింటూనే ఉంది. విన్నవన్నీ తనకు వచ్చనుకుంది. ఒక ఇంట్లో ఉన్నంత మాత్రాన, ఒక కాగితం చూసినంత మాత్రాన ఏదీ తనది కాదని ఇంత వయసొచ్చాక, పిల్లల ముందు తెలిసింది.

ఆ ఉద్యోగం షౌకత్‌కు ఇచ్చారు. అతను దరఖాస్తు పెట్టలేదు. పిలిచి అడిగారు, సరేనన్నాడు. ఇంటికొచ్చి ఆమెతో చెప్పేటప్పుడు తల కూడా దించుకోలేదు.

"అదృష్టం గడప దాటలేదు. నీకొస్తేనేం, వాడికొస్తేనేం?" అంది అత్తగారు.

"కచేరీలో ఆ దమన్‌హూర్ పిల్ల నా పక్కన కూర్చుంటుంది" అన్నాడు షౌకత్. "నువ్వు రెండో స్టాండుకు జరుగు, లోపలివైపే. దానికి చప్పుడు కాకుండా కాగితం తిప్పడం నేర్పు. నీకంటే బాగా ఎవరికొచ్చు?"

పెళ్ళాన్ని మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

ఇజ్లాల్ నేర్పింది. అంచు ముందే కొంచెం మడిచి ఉంచుకోవడం, వేలితో తిప్పడం, అన్నీ చూపించింది. లేవబోతూ, "ఇంటికెళ్ళి ముందు నువ్వు వదిలేసే ముక్కలే సాధన చెయ్యి. మిగతావి తర్వాత" అంది.

"వాయించనివి ఎందుకు మేడమ్?"

"ఎందుకో నువ్వు చూశావు కదమ్మా."

రీహామ్ తలదించుకుంది.

అక్కణ్ణుంచి ఇజ్లాల్ నేరుగా బృందం మేనేజరు హిష్మత్ గదికి వెళ్ళింది. ఇప్పుడు రీహామ్‌తో కలిపి వయొలిన్ వరుసలో పదకొండుమంది. చివరి స్టాండు దగ్గర ఒక్కరే కూర్చోవాలి. ఆ కుర్చీ తనకిమ్మని అడిగింది.

"ముందునుంచి చివరికా? మొగుడితో గొడవేమిటమ్మా?" అన్నాడు హిష్మత్.

"గొడవేం లేదండి."

"హోదా పోతుంది. పైగా అక్కడ తిప్పేవాళ్ళుండరు. నువ్వే ఆపి, నువ్వే తిప్పుకోవాలి. కొన్ని స్వరాలు పోతాయి."

"పోనివ్వండి" అంది ఇజ్లాల్. "ఏవి పోవాలో నేను చూసుకుంటాను."