బస్తా చిక్కిన రోజులు

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే పనిలో బావ, బావమరిది ఏళ్ళ తరబడి జోడీ. బీరువాకు ముందు కొస బావ పడితే, వెనక కొస బావమరిది పట్టేవాడు. బొద్దుగా ఉంటాడని అతనికి బస్తా అని పేరు పెట్టింది కూడా బావే. బావ కాలేయం చెడిపోయిందని తెలిసినప్పుడు, ఎవరూ అడక్కముందే తన కాలేయంలో ముక్క ఇస్తానన్నాడు బస్తా.

పరీక్షలు చేసిన డాక్టరు పెదవి విరిచాడు. "మీ కాలేయానికే కొవ్వు పట్టిందయ్యా. అది కరిగించుకుని రండి, అప్పుడు చూద్దాం."

బావ కళ్ళు పసుపెక్కుతుంటే బస్తాకు నిదానం ఎక్కడిది? పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం కీరా దోసకాయ, రాత్రికి మళ్ళీ అదే. బెల్టుకు కొత్త కన్నాలు పడ్డాయి. అక్క వడ్డించబోతే "ఆకలి లేదక్కా" అనేవాడు. లోపల పేగులు అరుస్తూనే ఉండేవి.

ఒకరోజు బీరువా దించుతుండగా మెట్ల మలుపులో అతని పట్టు జారింది. భుజం అడ్డుపెట్టి గోడకు నొక్కి ఆపాడు గాని, లేకపోతే కింద కొస పట్టుకున్న మనిషి మీద పడేదే. మెట్టు మీద కూలబడి చాలాసేపు లేవలేకపోయాడు. ఆపైన బరువులు ముట్టలేదు. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళొచ్చేవాడు.

సంగతి బావ చెవిన పడింది. పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు.

"నీ ముక్క నాకొద్దురా. నన్ను బతికించబోయి నువ్వు పోతావా?"

"నువ్వు వద్దంటే ఊరుకుంటానా బావా?"

"ఊరుకోవు. అందుకే నేను ఆ ఆపరేషన్ బల్ల ఎక్కను. అంతే."

అక్క ఎవరి పక్షమూ వహించలేదు. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గరకు తీసుకెళ్ళింది.

"ఏం తింటున్నారు?" అని అడిగిందామె.

"కీరా దోసకాయండీ."

"ఇంకా?"

"ఇంకో కీరా దోసకాయ."

ఆమె నవ్వలేదు. పిడికిట్లో పట్టు బలం కొలిచే పరికరం పెట్టి పిండమంది. ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది.

"బరువు తగ్గారు, నిజమే. కానీ కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. తిండి మరీ తగ్గిస్తే, పని లేని కండను ఒళ్ళే తినేస్తుంది. తక్కువే తినండి, కానీ పూటపూటా గుడ్డో చేపో పెరుగో ఉండాలి. కొద్దికొద్దిగా బరువులెత్తండి. కోత పడ్డాక లేచి నిలబడాలంటే ఆ కండే దిక్కు."

మర్నాటి నుంచి అక్క గుడ్లు ఉడికించి ఎదురుగా కూర్చునేది. బస్తా నీళ్ళు నింపిన డబ్బాలు హాల్లో పెట్టుకుని ఎత్తసాగాడు. బావ అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి వెనక నుంచి మూలుగు వినిపించి ఉండబట్టలేకపోయాడు.

"నడుముతో ఎత్తుతావేంట్రా? మోకాళ్ళు వంచు! ఇన్నేళ్ళూ నేను నేర్పింది ఇదేనా?"

"నువ్వు చూడ్డం లేదుగా, నీకెందుకు?"

"ముందు అది కింద పెట్టు. మళ్ళీ ఎత్తు."

ఆ రోజు నుంచి బావకు ఒక పని దొరికింది. బస్తా ఎగ్గొట్టాలని చూస్తే "ఏం దొరా, సెలవా?" అని దెప్పేవాడు. తనూ నెమ్మదిగా కుర్చీలోంచి లేవడం, మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి మాట వస్తే మాత్రం అటు తిరిగి పడుకునేవాడు. ఒక సాయంత్రం, అలిసిపోయి గోడకు ఆనుకున్న బస్తాను చూస్తూ, "భయంగా ఉంటుందిరా నాకు," అన్నాడు మెల్లగా.

"నాకూ ఉంది బావా. అయినా వెళ్దాం."

బావ తలూపాడు.

ఈసారి స్కాన్ చూసి డాక్టరు సరేనన్నాడు. కోత రోజున అక్క రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉంది. స్పృహ వచ్చాక బావ అడిగిన మొదటి మాట, "వాడెలా ఉన్నాడు?"

"పక్క గదిలో నర్సుతో పోట్లాడుతున్నాడు, నిన్ను చూడాలట," అంది అక్క.

కొన్నాళ్ళకు ఇద్దరూ నడవాలో గోడ పట్టుకుని నడిచారు, ఒకరి కోసం ఒకరు ఆగుతూ. అక్క బెంచీ మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత, కళ్ళు మూసుకుని కునుకు తీసింది.