పదేళ్ల మొన

ఒక చేత్తో జుట్టు ముడేసుకుంటూ, రెండో చేత్తో క్యారియర్ మూత నొక్కుతోంది ఆమె. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. ఏళ్ల తరబడి అంతే.

“కుర్చీ ఇవాళేనా?” మంచం మీంచి మొగుడు అడిగాడు.

“లోడు వెళ్లాక చెప్తారట.”

“అయితే రేపట్నించి నీతో మాట్లాడాలంటే చీటీ పంపించాలన్నమాట.”

“ముందు లేచి ఆ బకెట్ నింపు. చీటీ సంగతి తర్వాత చూద్దాం.”

నవ్వుకుంటూనే ఫ్యాక్టరీ కార్డు మెడలో వేసుకుంది. ప్లాస్టిక్ తొడుగులో ఫొటో వెనక్కి వేలు పోనిచ్చి తడిమింది. ఉంది. అది లేకుండా ఏ రోజూ గడప దాటలేదు.

అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. కుట్టేవాళ్లకి వీపు ఆనని స్టూళ్లు. సూపర్‌వైజర్‌కి అదీ లేదు, పొద్దస్తమానం నిలబడే ఉండాలి. వీపు ఆనే కుర్చీ ఆ అంతస్తుకంతటికీ ఒక్కటే. అద్దాల గదిలో ఉంటుంది, ఇన్‌ఛార్జిది. ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇంతమందిని నిలబెట్టి ఒక్క కుర్చీ చూపిస్తే చాలు, వాళ్లలో వాళ్లే తోసుకుంటారు. కొరడా ఖర్చు కూడా ఉండదు.

పదిహేడో ఏట దారాలు కత్తిరించే పనికి వచ్చింది. ఇప్పుడు లైను సూపర్‌వైజర్. మోకాళ్ల కింద నరాలు నీలంగా, వానపాముల్లా ఉబ్బాయి. ఎవరైనా నీళ్లకి లేస్తే ముందు గోడ గడియారం కేసి, తర్వాత మనిషి కేసి చూస్తుంది. అందుకే లైను ఆమెకి గడియారమని పేరు పెట్టింది.

“గడియారం వస్తోందర్రా!”

“పొద్దున్నే ఎవరే దానికి కీ ఇచ్చింది?”

విననట్టే నడిచింది. వినడం మొదలెడితే రోజు గడవదు.

మధ్యాహ్నం దాటాక కళ్లద్దాల పిల్ల మిషన్ టక్కుమంది. సూది విరిగింది.

సూది విరిగితే ముక్కలన్నీ దొరకాలి. వాటిని సూదుల గదిలో తాతకిస్తే, ఆయన రిజిస్టర్లో వరసగా పేర్చి, పైన టేపు అంటిస్తాడు. మొదలు నుంచి మొన దాకా సూది పూర్తయితేనే కొత్త సూది. ముక్క తగ్గితే లైను ఆపి, కుట్టినవన్నీ విప్పి వెతకాలి. చొక్కా తొడుక్కునేవాడి మెడకి గుచ్చుకోకూడదు కదా! కుట్టేదాని వేలిలో దిగితే మాత్రం ఏ రిజిస్టరూ లేదు.

“అక్కా, మొన కనపడట్లేదక్కా,” పిల్ల నేల మీద అయస్కాంతం తిప్పుతూ అంది.

“సరిగ్గా చూడవే. స్టూలు కింద చూడు.”

లేదు. కింద లారీ వచ్చి నిలబడింది. లైను ఆగితే లోడు ఆగుతుంది, లోడు ఆగితే కుర్చీ పోతుంది. గడియారం వేలు దానంతట అదే కార్డు వెనక్కి వెళ్లింది.

పదేళ్ల కిందట ఇదే వరసలో ఆమె మిషన్ మీద సూది విరిగింది. అప్పటి సూపర్‌వైజర్ పెద్దక్క. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి ఈమెకి నేర్పిన మనిషి. మొన దొరికింది. ఈమె దాన్ని గోటి కింద దాచేసి, దొరకలేదంది. ఆ రోజే కొనేవాళ్ల మనుషులు చూడ్డానికి వచ్చారు. లైను ఆగింది, లోడు రద్దయింది, పెద్దక్కని ఇంటికి పంపారు. వారానికి ఈమె సూపర్‌వైజర్ విజిల్ మెడలో వేసుకుంది. మొనని ఎక్కడ పారెయ్యబోయినా ఎవరికో దొరుకుతుందనిపించింది. కార్డు వెనకే ఉండిపోయింది. పెద్దక్క బస్టాండు పక్కన మిషన్ వేసుకుని చిరుగులు కుడుతోంది. గడియారం ఆ దారి మానేసి, రోజూ చుట్టూ తిరిగి వస్తుంది.

సూదుల గదిలో తాత ఆమె ఇచ్చిన మొనని అరచేతిలో వేసుకుని చూశాడు.

“తుప్పు పట్టిందేమ్మా?”

“పిల్లకి మిషన్ కింద దొరికింది తాతా. నూనెలో పడుంది.”

“నూనెలో ఉన్నదానికి తుప్పు పట్టదు తల్లీ.”

అంతే అన్నాడు. అంటించాడు. పైవాళ్లకి ఎదురు చెప్పి తాతలెవరూ బాగుపడలేదు.

మూడింటికి, పెట్టెలు కట్టే ముందు చొక్కాల్ని ఇనుము పట్టే మిషన్లోంచి పంపుతుంటే అది కూసింది. ఒక కాలరు మడతలోంచి మొన బయటపడింది. తళతళలాడుతోంది.

“ఒక సూదికి రెండు మొనలేంటి?” మేనేజర్ గడియారాన్ని సూదుల గదికి పిలిపించి, రిజిస్టర్ చూస్తూ అడిగాడు. “ఈ తుప్పుది ఎక్కడిది?”

తాత పాత రిజిస్టర్లు పారెయ్యడు. వాటి మీదే తలపెట్టి కునుకు తీస్తాడు. అట్టడుగుది లాగి, పేజీ తిప్పాడు. “మొన లేని సూది నా లెక్కలో ఇదొక్కటే సార్.” తుప్పు మొనని ఊడదీసి అక్కడ పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. ఆ పేజీలో మిషన్ నంబరుంది, ఆమె సంతకముంది.

మేనేజర్ రిజిస్టర్ మూసేశాడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. “పాతది నాకెందుకు? లోడు వెళ్లాలి. ఆ పిల్లే ఎక్కడిదో తెచ్చి ఇచ్చిందని రాసేద్దాం. దాన్ని పంపించేస్తే సరిపోతుంది. నీ కుర్చీ నీకుంటుంది.”

తలుపు సందులోంచి కళ్లద్దాల పిల్ల కనిపిస్తోంది. అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. మళ్లీ తీసింది. దాని వెనక ఆనుకోడానికి ఏమీ లేదు.

“పిల్ల కాదు సార్,” అంది గడియారం. “అదీ నేనే, ఇదీ నేనే. రాసుకోండి.”

“పిచ్చిదానివా?”

“పదేళ్లు నిలబడ్డాను సార్. కాళ్లు లాగేస్తున్నాయి.”

విజిల్ తీసి బల్ల మీద పెట్టింది. లైను మధ్యలోంచి నడిచి వెళ్తుంటే మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరూ కీ మాట ఎత్తలేదు. పిల్ల మాత్రం “అక్కా, క్యారియర్ మర్చిపోయావ్,” అంటూ పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టింది. మూత లేచే ఉంది.

గేటు దగ్గర కార్డు తీసి వాచ్‌మన్‌కి ఇచ్చింది. ఆ సాయంత్రం ఆమె చుట్టుదారి పట్టలేదు. బస్టాండు వైపు తిరిగింది.

వాచ్‌మన్ కార్డుని సొరుగులో పడేశాడు. తొడుగులోంచి ఫొటో కాస్త బయటికి జారింది. పదిహేడేళ్ల పిల్ల ఫొటో, వెనకనించి ఊరిన తుప్పు చెంప మీద సూదిమొనంత గీత గీసింది.