నడిమింటి పరదా

బౌరంపేట్‌లో పద్మమ్మ ఇంట్లో కాలం మారితే ముందు నడిమింటి పరదా మారేది. ఎండలు ముదిరితే తెల్లటి మల్లుగుడ్డ, వానలకు బురద మరకలు కనబడని ముదురాకుపచ్చ గుడ్డ, చలికి పాత రగ్గు. దాని వెంటే మంచాల మీద చెద్దర్లు, దిండ్ల గలేబులు, కింద పరిచే జంపఖానాలు మారేవి.

ఆ పరదాకు అవతల తోడికోడలు లక్ష్మీకాంతమ్మ కాపురం. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మగవాళ్లు నడిమింట్లో గోడ పెడదామన్నారు. వెలుతురు ఆమె వైపు నుంచి, గాలి తన వైపు కిటికీ నుంచి వస్తాయి, గోడ పెడితే ఒకరికి చీకటి, ఒకరికి ఉక్క అని పద్మమ్మ అడ్డం పడింది. అలా తీగ కట్టి పరదా వేశారు. ఒక కాలం పరదా ఈమె వేస్తే మరుసటి కాలానిది ఆమె. ఇద్దరు ఆడవాళ్లు, మూడు కాలాలు కాబట్టి ఏ కాలమూ ఎప్పటికీ ఒకరిదే కాలేదు.

తొంభై ఎనిమిదిలో దసరా దాటాక లక్ష్మీకాంతమ్మ కొడుకు భాస్కర్ నడిమింట్లో గోడకని వాకిట్లో ఇటుకలు దింపించాడు. అతని బిడ్డ అశ్రితకు చలిగాలి తగిలితే దగ్గు. రగ్గు చూస్తే చిమ్మటలు కొట్టి జల్లెడైంది. సంక్రాంతి వెళ్లినంక మేస్త్రి వస్తాడని భాస్కర్ నెమ్మదిగానే చెప్పాడు. పద్మమ్మ మాత్రం ఆ పూట ఇటుకల చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చింది. పుట్టింట్లో ఇలాగే నాయినకు, చిన్నాయినకు నడుమ గోడ లేచింది. ఆ తర్వాత తనను ఎత్తుకుని పెంచిన చిన్నమ్మను పెండ్లిళ్లలో, చావుల్లో తప్ప చూడలేదు.

చలికాలం పరదా ఆ ఏడు పద్మమ్మ వంతు. గాలి చొరని పరదా వేస్తే గోడ ఎందుకు అనుకుంది. బొంత కుట్టాలని తీర్మానించి తన పాత చీరలన్నీ తీసింది. చాలక తోడికోడలిని అడిగింది.

"పాతవి అడుగుతున్నవ్ సరే. కొత్తవి ఎన్నడన్న పెట్టినవా అక్కా?" అంటూనే లక్ష్మీకాంతమ్మ పెద్ద మూట తెచ్చి పడేసింది.

వాకిట్లో చీరలు వరుసలుగా పరిచి, చెరో అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి కుట్టుకుంటూ వచ్చారు. ఏ చీర ఎవరి పెండ్లికి కట్టింది, దేని మీద ఎవరు చారు ఒలకబోశారు, అవే ముచ్చట్లు. పద్మమ్మకు ఎంత పరిచినా గాలి చొరబడుతుందేమోనని భయం. ఇంకో వరుస, ఇంకో వరుస అని వేస్తూనే పోయింది. సూదులు వంగిపోయాయి.

"ఏనుగుకు కప్పుతవా ఏంది?" అంది లక్ష్మీకాంతమ్మ, నొప్పిపుట్టిన వేళ్లు విదిలించుకుంటూ.

ఆ బరువుకు తీగ ఆగలేదు. భాస్కర్ ఇనుప పైపు బిగించి బొంతను వేలాడదీశాడు. గాలి పిసరంత కూడా దాటలేదు. రెండు రోజుల్లో పిల్ల దగ్గు తగ్గింది. ఇగ మేస్త్రి అక్కర్లేదు పెద్దమ్మా, ఇదే సాలు అన్నాడతను.

పద్మమ్మ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. నడిమిల్లు పట్టపగలే మసకబారింది. అవతల పోపు వేసిన చప్పుడు లేదు, పిల్లను కసిరిన మాట లేదు. బొంతకు చెవి ఆనిస్తే పాత చీరల వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఇటుక ముట్టకుండా గోడను తన చేతులతో తానే కుట్టుకుంది. విప్పుదామంటే పిల్లకు దగ్గు, దగ్గు వస్తే మేస్త్రి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక రెండు పూటలు ఊరికే గలేబులు మార్చింది.

మరునాడు పొద్దున లక్ష్మీకాంతమ్మ వీధి వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. రొప్పుతోంది.

"నిన్న పొద్దుమూకి ఎన్నిసార్లు పిలిచిన్నో ఎరికేనా? పలుకవైతివి. ఏమన్న అయిందేమో అని నా పానం ఆగమైంది."

"నాకు ఇనవడలేదే."

"గందుకే, దాన్ని ఇప్పెయ్."

"మరి పిల్ల?"

లక్ష్మీకాంతమ్మ లోపలికి నడిచి ఉత్తరపు కిటికీ ముందు నిలబడింది. రెక్కల సందులోంచి వచ్చే గాలికి ఆమె కొంగు కదిలింది. కాసేపు దాన్నే చూసి నవ్వింది.

"గాలి ఈడికెంచి వస్తాంది. మనం ఊరంత తిరిగి ఆడ బొంత గట్టినం. ఈ కిటికీకి కట్టు."

పద్మమ్మకూ నవ్వు ఆగలేదు. గోడ, గోడ అని నడిమింటినే చూసిన కళ్లకు కిటికీ ఆనలేదు. ఇద్దరూ కలిసి బొంతను ఈడ్చుకొచ్చి, భాస్కర్‌ను కేకేసి కిటికీకి నిండుగా కట్టించారు. నడిమింట్లో పుష్యమాసం చలిలోనే ఎండకాలపు మల్లుగుడ్డ వేలాడింది. అవతలి వెలుతురు దానిలోంచి మంచం దాకా వచ్చింది. ఇటుకలతో స్నానాలగది కట్టుకొమ్మని తల్లి చెబితే, ఈ ఇంట్లో ఏ పనీ తిన్నగా కాదని భాస్కర్ గొణుక్కున్నాడు.

సాయంత్రం పద్మమ్మ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మల్లుగుడ్డ వెనక ఒక నీడ అటూ ఇటూ తిరుగుతోంది. పద్మమ్మ గొంతు పెంచకుండానే పిలిచింది.

"లక్ష్మీకాంతా."

"ఏందక్కా?"

"ఏం లేదు. ఊకెనే."