చక్రం కింద రాయి

పిల్లల ఆదివారం మరునాడు సెలవు. ఆ రోజు ఇంటిపెద్ద మటాలేనా, ఆమె కుటుంబమంతా సముద్రపు ఒడ్డుకి పోతారు. ఏటా ఉన్నదే. ముందురోజు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో తలా ఒక వాక్యం అప్పజెప్పి, పెద్దలు వడ్డిస్తే తిని, అలిసిపోయి ఉంటారు. సోమవారం పొద్దున్నే అందరూ చెక్క బస్సెక్కుతారు. ఒక పంది, చామదుంపలు, సీమపనస కాయలు, అరటాకుల కట్టలు, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు. బస్సు వెనకాల గోనెసంచుల్లో రాళ్లు.

ఆ రాళ్లు ఎవరివి వాళ్లవి. ఆ ఇంట్లో బిడ్డ పుడితే తండ్రి లావా బీడు దాకా నడిచి వెళ్లి నల్లరాయి ఒకటి ఏరి తెస్తాడు. పొయ్యి పెట్టినప్పుడల్లా రాళ్లన్నీ కట్టెల మీద కాల్చి, వాటి మీదే తిండి పెట్టి ఆకులు కప్పి ఉడికిస్తారు. మనసు ఇక్కడున్నవాడి రాయి ఎర్రగా కాగుతుంది. మనసు ఇంకెక్కడో వదిలి వచ్చినవాడి రాయి నిప్పుల్లో కూడా చల్లగానే ఉంటుంది, దాని మీద పెట్టిన దుంప పచ్చిగా దిగుతుంది. ఆ పచ్చి దుంప వాడికే పెడతారు. చచ్చిపోయినవాళ్ల రాళ్లు అన్నిటికన్నా ముందు కాగుతాయి. వాళ్లకి వేరే పనులేం ఉంటాయి కనక.

మటాలేనా తమ్ముడి కొడుకు ఫెరెటీకి ఆరేళ్లుగా పచ్చి దుంపే వస్తోంది. దాన్ని చాటుగా కుక్కకి వేస్తాడు. కుక్క వాసన చూసి వదిలేస్తుంది.

వీడి తండ్రి ఒకప్పుడు ఊరివాళ్లమైన మా వల అరువు తీసుకెళ్లి చిరిగాక తెచ్చిచ్చాడు. మేం మర్చిపోలేదు. అయినా ఆయన రాయి ఇప్పటికీ మొదట కాగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కొడుక్కి ఆ పాటి కూడా రాలేదు. పట్నంలో, అపియాలో ఏదో ఆఫీసులో పని. ఊరికొస్తే కొత్త వస్తువు లేకుండా రాడు. మనుషుల్ని పలకరించడు, వస్తువుని చూపిస్తాడు.

ఆ ఏడు బస్సెక్కలేదు. పికప్ బండిలో దిగాడు. కొత్త బండి అన్నాడు. జపానులో ఎవడో ఏళ్లపాటు తోలి విసుగెత్తి ఓడెక్కించిన బండి అది. అద్దానికి ఆ దేశపు రాతల కాగితం ఇంకా అంటుకునే ఉంది. చేతి బ్రేకు లాగితే పట్టదు. వెనకాల గుడారం, మడత కుర్చీలు, మంచు పెట్టె, గ్యాసు పొయ్యి, మనిషంత స్పీకరు. అందరికీ కనపడాలని పడవలు దించే ఏటవాలు మీద, సముద్రం వైపు తిప్పి నిలబెట్టాడు.

కుర్చీలు వేశాడు. ఎవ్వరూ కూర్చోలేదు. మటాలేనా చాప మీద ఉంది. ఆమె తల కన్నా ఎత్తులో కూర్చునే బుద్ధి తక్కువ మనిషి ఆ ఒడ్డున ఒక్కడే ఉన్నాడు. వాడు కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకుని.

కట్టెలు కాలిపోయాయి. రాళ్లు ఎర్రబడ్డాయి. నడిమధ్య ఒకటి మాత్రం నల్లగా, చెమ్మగా ఉంది. మటాలేనా వంగి దాన్ని ఉత్త చేత్తో తీసింది.

"ఒరేయ్ ఫెరెటీ, చెయ్యి చాపు."

"కాలుతుందత్తా."

"నీది కదా. కాలదు."

రాయి వాడి అరచేతిలో పెట్టింది. ఇది ఏడో ఏడు. అప్పటికీ కాగకపోతే రాయి తిరిగిచ్చేస్తారు. అక్కణ్ణుంచి ఆ మనిషి ఇంటివాడు కాదు, చుట్టం. వస్తాడు, తింటాడు, పోతాడు. చాప మీద చోటుండదు. వాడి పిల్లల రాళ్లూ వాడి వెంటే పోతాయి.

ఫెరెటీ కూతురు ఫిలెముకి ఆరేళ్లు. దాని రాయి నిమ్మకాయంత. అదైనా తండ్రి తెచ్చింది కాదు. వాడికి తీరిక లేకపోతే వాడి చెల్లెలు లగీ ఎండలో నడిచి వెళ్లి తెచ్చింది. ఆ చిన్నరాయి నిప్పుకణికలా మెరుస్తోంది.

"పిల్లదేం చేసిందత్తా? దానిది కాగింది కదా" అంది లగీ.

"కాగింది. తండ్రి ఎటు పోతే అటే పోతుంది. నాకు మాత్రం ఇష్టమా?"

ఫెరెటీ నవ్వాడు. రాయే కదా, గ్యాసు పొయ్యికి రాళ్లతో పనేముంది అన్నాడు. అంతలో బండి ఒక జానెడు కిందికి జారింది. వాడు పరుగెత్తి వెళ్లి చేతిలో రాయిని ముందు చక్రం కింద దూర్చాడు.

"చూశారా, ఇన్నేళ్లకి దీనితో ఒక పనైంది" అన్నాడు.

ఎవ్వరూ నవ్వలేదు. వాడి స్పీకరు ఒక్కటే వాడికి వంత పాడింది.

ఆడవాళ్లు రాళ్లు సర్దారు. నడుమ ఖాళీని ఖాళీగానే వదిలారు. పందిని పెట్టారు, దుంపలు పెట్టారు, కొబ్బరిపాలు పోసి కట్టిన చామాకు పొట్లాలు పెట్టారు. ఆకులు కప్పబోతుంటే మటాలేనా చెయ్యెత్తి ఆపింది.

"నిన్న నీ కూతురు వాక్యంలో ఎక్కడ ఆగిందిరా?"

"ఆగలేదే. గడగడా చెప్పేసింది."

ఫిలెము ఇసుకలోకి చూసింది. నిన్న ఆ పిల్ల అప్పజెబుతున్నప్పుడు వీడు చర్చి బయట నలుగురిని పోగేసి బండి ఇంజను చూపిస్తున్నాడు. ఊరందరికీ తెలుసు.

"సగంలో మర్చిపోయాను నాన్నా" అంది. "నువ్వున్నావేమోనని వెనక్కి చూశాను."

తిట్టినా బాగుండేది. పిల్ల మామూలుగా చెప్పింది, అన్నం తిన్నాను అన్నట్టు.

మటాలేనా మళ్లీ చెప్పమంది. ఫిలెము చాప ముందు చేతులు కట్టుకుని నిలబడింది. లగీ వెళ్లి స్పీకరు తీగ పీకేసింది. పిల్ల మొదలుపెట్టి, నిన్న ఆగినచోటే ఆగింది. ఆ ఇంట్లో మొదటి బిడ్డలందరూ చెప్పేది ఆ వాక్యమే. ఫెరెటీ కూడా ఆరేళ్లప్పుడు తెల్లచొక్కాలో సరిగ్గా అక్కడే ఆగాడు. అప్పుడు వెనక బల్లలోంచి వాడి తండ్రి చప్పుడు లేకుండా పెదాలు కదిపాడు. వల చింపిన మనిషే. ఆ పెదాలు చూసి వీడు మిగతాది చెప్పాడు.

ఫెరెటీ కుర్చీలోంచి లేచాడు. వచ్చి పిల్ల ఎదురుగా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, పెదాలు కదిపాడు. పిల్ల ఆ మాట అందుకుంది. ఇంకో నాలుగు మాటలు చెప్పి మళ్లీ ఆగింది.

అప్పుడే రబ్బరు కమురు వాసన వచ్చింది.

"అన్నయ్యా, బండి" అంది లగీ.

ముందు చక్రం కింద నుంచి నల్లటి పొగ లేస్తోంది. పొగలో రాయి ఎర్రగా ఉంది. ఫెరెటీ తల తిప్పి చూశాడు. పది అడుగులు పరుగెడితే బండి దక్కుతుంది. పిల్ల నోరు తెరిచి తర్వాతి మాట కోసం చూస్తోంది.

వాడు బండి వైపు వీపు తిప్పాడు. తర్వాతి మాట అందించాడు.

టైరు పేలింది. బండి తొందరేమీ పడకుండా, నడుముకి చుట్టుకున్న లావాలావా బట్ట ఎత్తిపట్టుకుని నీళ్లలో దిగే ముసలాయనలా సముద్రంలోకి దిగింది. మంచు పెట్టె తేలింది. జపాను కాగితం అద్దంతో సహా మునిగింది. ఫిలెము చివరి మాట దాకా చెప్పి తల వంచింది.

"అయిందా?" అంది మటాలేనా.

"అయింది" అన్నాడు ఫెరెటీ.

"మరి ఆ రాయి పట్రా. పొయ్యి ఇంకా కప్పలేదు."

వాడు పట్టుకారుతో తెచ్చాడు. నడుమ ఖాళీలో, నిమ్మకాయంత రాయి పక్కన పెట్టాడు. ఆకులు కప్పారు.

వాడి దుంప ఉడికింది. తిని, ఇంకోటి అడిగాడు. సిగ్గులేని మనిషి. పెట్టారు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి బండి లేదు. బస్సులో చోటూ లేదు. ఫెరెటీ ఎవరి ఒళ్లోనో కూర్చున్నాడు, వాడి ఒళ్లో పిల్ల, పిల్ల ఒళ్లో గుడ్డలో చుట్టిన తండ్రి రాయి. ఊరు చేరేదాకా దాని వేడి చల్లారలేదు.