ఉప్పు మీద నిషేధం

ఒక్క ఏడాదిలో ముగ్గురికి పక్షవాతం వచ్చేసరికి, సవాయి దీవిలో ఓ ఊరి మహిళా సంఘం ఉప్పు మీద విరుచుకుపడింది. మంగళవారం ఇల్లిల్లూ సోదా చేసి, ఉప్పు సంచులూ ఉప్పు మాంసం డబ్బాలూ సంఘం ఇంటికి మోసుకుపోయారు. ఆ తర్వాత ఎవరి ఇంట చిటికెడు దొరికినా జరిమానా ఒక పంది.

ఆ ఊరి కోడలు లాగీకి ఆ ఉప్పే ప్రాణం. భయమొచ్చినా జ్వరమొచ్చినా ఒంటిని నిలబెట్టే హార్మోన్లు మూత్రపిండాల మీది గ్రంథుల్లో ఊరాలి. ఆమెకు ఊరవు. ఉన్న ఉప్పు కూడా ఒంట్లో నిలవదు. రోజూ మాత్రలు, వాటితో పాటు కూట్లో దండిగా ఉప్పు పడాలి, మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇంటికొచ్చిన కోడలు సంఘంలో నోరు విప్పకూడదు. అందుకే కాగితం సంఘంలో చదవమని, అదే ఇంట్లో ఉండే భర్త అక్క తాలితాకు ఇచ్చింది. సంఘానికి పెద్ద ఆవిడే. సరేనని పుచ్చుకుంది మహాతల్లి!

శుక్రవారానికి లాగీకి వాంతులు పట్టుకున్నాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

"కాగితం చదివారా వదినా?"

"మా తమ్ముడు చేపలకు పోగానే మొదలెట్టావా వేషాలు? మూలగడం ఆపి దుంపలు చెక్కు!"

లాగీకి ఒళ్లు మండిపోయింది. తాలితా సంఘానికి వెళ్లాక, కంచెలు పట్టుకుంటూ తనూ వెళ్లింది. ఆడవాళ్లంతా చాపల మీద కూర్చునున్నారు. మధ్యలో సంచుల గుట్ట. లాగీ ఒకటి చించి, గుప్పెడు ఉప్పు నోట్లో పోసుకుంది.

"సిగ్గులేనిదానా! పంది కట్టు!" తాలితా లేచింది.

"మీ దొడ్లోదే కట్టండి వదినా. డాక్టరు కాగితమేది?"

సంఘంలో అందరికన్నా ముసలిదైన పెనీనా తాలితా వైపు తిరిగింది. "ఏం కాగితమే?"

"కోడళ్ల కాగితాలు చదవడానికా నేను పెద్దనయింది?"

పెనీనాయే సంచీ తీసి లాగీ చేతిలో పెట్టింది. "పట్టుకుపో అమ్మా. ఇది మందు, జరిమానా లేదు."

తాలితా పళ్లు నూరింది. "నీ కంచంలోనే చల్లుకో. నా వంటలో ఒక్క రవ్వ పడిందో, చూడు!"

"నీ వంటా? నేనొచ్చిన ఈ పదకొండేళ్లలో ఆ పొయ్యి మొహం చూశావా నువ్వు? నీ తమ్ముడొస్తే మా అమ్మ దగ్గరున్నానని చెప్పు."

మాత్రలు తీసుకుని, సంచీ చంకన పెట్టుకుని, లాగీ పుట్టింటికి బస్సెక్కింది. ఆ పూట తాలితా ఇంట పొయ్యి రాజలేదు.